పెంటకుప్ప మీద ఎర్ర మొహం

ఆ రోజుల్లో స్కూటీ ఎక్కితే చాలు, నాకు కలలు వచ్చేవి. నిద్రలో వచ్చే కలలు కావు. కళ్ళు తెరుచుకుని, హెల్మెట్ పెట్టుకుని, కాలువ గట్టు మీద మెల్లగా పోతుంటే వచ్చేవి. నీళ్ళు నాకు తోడుగా వస్తున్నట్టు, నేను ఆగితే అవీ ఆగి ఎదురుచూస్తాయన్నట్టు అనిపించేది. వరి కోతలు అయిపోయి, పొలాల్లో గడ్డి మోపులు మంచులో తడుస్తూ ఉండేవి. ఆ తడి గడ్డి వాసన తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. అలా పోతూ పోతూ తిరగాల్సిన మలుపు దాటేసి, ఏదో ఊళ్ళో తేలి, "ఇది ఏ ఊరు తాతా?" అని అడిగేదాన్ని. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఏ ఊరికి పోవాలె ముందుగాల అది చెప్పు" అనేవారు. ఒక్కోసారి అది కూడా వెంటనే గుర్తొచ్చేది కాదు.

ఇంట్లో నా పేరు పరాకు. మా అమ్మ పెట్టింది. ఆ పేరును గుమ్మం లోపలే ఉంచుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కోదాడలో మా వీధి మొత్తానికీ పంచిపెట్టింది. ఎవరు ఇంటికొచ్చినా, నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగానే, "మా దానికేం చేతకాదండీ, ఒట్టి పరాకు మనిషి. డిగ్రీ ఎట్లా గట్టెక్కిందో ఆ దేవుడికే తెలియాలి" అనేది. నేను ఫస్టు క్లాసులో పాసయ్యానన్న మాట ఆమె నోట ఏనాడూ వినలేదు. ఉద్యోగం వచ్చిన రోజు పక్కింటావిడ, "మీ అమ్మాయికి సూర్యాపేటలో ఉద్యోగమట కదా" అని మురిసిపోతే, మా అమ్మ పెదవి విరిచి, "ఏం ఉద్యోగం లెండి, ఊరూరా తిరిగి పెంటకుప్పల యోగక్షేమాలు అడిగే ఉద్యోగం" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కారణం ఏమిటంటే, ఆ మాట నిజం.

అది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. సూర్యాపేటలో పాత బస్టాండు దగ్గర, ఒక మందుల దుకాణం పైన రెండు గదులు. చిన్న రైతులకు కంపోస్టు ఎరువు తయారు చేసుకోవడం నేర్పించేవాళ్ళు. కోతలయ్యాక గడ్డిని పొలంలోనే తగలబెట్టకుండా, ఆ గడ్డి ఒక పొర, పచ్చి ఆకు ఒక పొర, పేడనీళ్ళు ఒక పొర వేసి, తడిపి, తిరగేసి, కొన్ని నెలలు ఓపిక పట్టమని చెప్పేవారు. చెప్పేవారంటే ఒక్కరే. ఆయన్ని రైతులందరూ పెంట సార్ అనేవారు (మా వైపు పెంట అంటే ఎరువు, అందులో తప్పేమీ లేదు, అది గౌరవంగానే పిలిచే పిలుపు). యాభై దాటిన మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో ఒక చిన్న గాజు సీసా. ఆ సీసాలో బాగా మాగిన ఎరువు ఉండేది. అత్తరు వ్యాపారి మూత తీసినట్టు తీసి, కనబడినవాళ్ళందరి ముక్కు దగ్గరా పెట్టేవారు. "సూడు బిడ్డా, పెంట వాసన వస్తే అది పెంట. వాన పడ్డ మట్టి వాసన వస్తే అది ఎరువు." ఉద్యోగంలో చేరిన రోజు నాకు పూలదండ కాదు, ఆ సీసా వాసనే స్వాగతం పలికింది.

నా పని, శిక్షణ తీసుకున్న రైతుల దగ్గరికి కొన్ని నెలల తర్వాత వెళ్ళి, ఎలా ఉందో అభిప్రాయం అడగడం. దానికి ఆఫీసువాళ్ళు నాకొక ఫోను ఇచ్చారు. అందులో అయిదు మొహాలు ఉండేవి. పండ్లన్నీ కనబడేలా నవ్వే ఆకుపచ్చ మొహం దగ్గర మొదలై, చిరునవ్వు మొహం, మూతి తిన్నగా పెట్టిన మొహం, ఏడుపు మొహం దాటి, చివరికి కనుబొమలు ముడిచి, కోరలు బయటపెట్టిన ఎర్ర మొహం దగ్గర ఆగేవి. రైతు ఒక దాన్ని నొక్కాలి, అది నేరుగా హైదరాబాద్ వెళ్ళిపోతుంది. చదువురానివాళ్ళకు కూడా సులభంగా ఉంటుందని పెద్ద సార్ ఎంతో ఆలోచించి చేయించిన ఏర్పాటు అది. పెద్ద సార్ అంటే హైదరాబాద్ నుంచి నెలకోసారి వచ్చి మమ్మల్ని చూసిపోయే పెద్దమనిషి. మెత్తని మనిషి, "డేటా అబద్ధం చెప్పదమ్మా" అన్నది ఆయన ఊతపదం. ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. నేర్పినవాళ్ళు ఎదురుగా ఉంటే రైతులు మొహమాటపడతారు కాబట్టి, అభిప్రాయాలు అడిగేచోటికి పెంట సార్ రాకూడదు. ఆ మొహాల్ని బట్టే, వచ్చే ఏడాది ఏ వైపు శిక్షణ ఉంచాలో, ఏ వైపు తీసెయ్యాలో, పెంట సార్ ఉంటారో ఉండరో తేల్చుతారు.

"నౌకరి సంగతి వదిలెయ్ బిడ్డా," అన్నారు పెంట సార్ మొదటి రోజే, నన్ను కింద టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళి. "ఇన్నేండ్లు చెప్పుకుంట తిరిగిన. ఒక్కరన్న మనసువెట్టి చేసిన్రా, లేకుంటే అన్నం తిని, బస్సు కిరాయి తీసుకొని పోయిన్రా? నాకు గా ముచ్చట తెలిస్తే చాలు." ఆ మాట అనేటప్పుడు ఆయన నా కళ్ళలోకి కాదు, నా చేతిలోని ఫోను వంక చూశారు.

మొదట నిడమనూరు వైపు వెళ్ళాను. అక్కడ ఒక పటేల్ బాపు ఉండేవాడు. ఆయన చిన్న రైతు కాదు, రైసు మిల్లులో వాటా ఉన్నవాడు, పార్టీలో కూడా కాస్త పలుకుబడి ఉన్నవాడు. అయితే శిక్షణ జరిగింది ఆయన కొట్టంలో, భోజనాలు పెట్టింది ఆయన ఇంట్లో కాబట్టి, చిన్న రైతులందరినీ ఆయనే పిలిపించాడు. నాకు చేపల కూర, గోంగూర, గడ్డపెరుగుతో అన్నం పెట్టి, చెయ్యి కడుక్కున్నాక, "ఏదీ, ఆ మొకాలు చూపియ్యి" అన్నాడు. అందరూ ఫోను చుట్టూ మూగారు. ఒక తాత చాలాసేపు చూసి, "నాకు పండ్లు లేవు గదా, ఇదేమొ ఇకిలిస్తుంది. మూతి మూసుకున్నదే నాకు సరిపోతది" అన్నాడు. ఒకావిడ ఏడుపు మొహాన్ని చూసి, "అచ్చం మా ఆడబిడ్డనే" అని నవ్వు ఆపుకోలేక దాన్నే నొక్కబోయింది. పటేల్ బాపు ఆమె చెయ్యి గాల్లోనే ఆపేశాడు. "ఏందే ఇది! ఆడపిల్ల ఎండల పడి మన ఇంటికొచ్చింది. ఏడుపు మొకంతోని పంపుతమా? నవ్వేది నొక్కున్రి!" ఇంకేముంది, అందరూ వరసగా పండ్లికిలించే ఆకుపచ్చ మొహాన్నే నొక్కారు. కుప్ప ఎక్కడుందో చూస్తానంటే, "గాడనే ఉన్నది, సూపర్ గ ఉన్నది, ముందు నువ్వు ఇంకింత పెరుగేస్కో" అన్నాడు. నేను కడుపు నిండి, మనసు నిండి, సగం నిద్రలో స్కూటీ ఎక్కాను. దారి పొడుగునా నాకు ప్రపంచమంతా ఆకుపచ్చగా, పండ్లు కనబడేలా నవ్వుతున్నట్టే తోచింది.

ఆ తర్వాత కోదాడ దాటి, హుజూర్‌నగర్ మీదుగా మఠంపల్లి వైపు దిగాను. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము లేని రోజున గాలిలో కృష్ణా నది ఒడ్డు చల్లదనం ఉంటుంది. నేను ఆ చల్లదనంలో కలలు కంటూ వెళితే, అక్కడివాళ్ళు నా కల చెడగొట్టారు. మొదటి ఇంట్లో ఒకావిడ తలుపు దగ్గరే ఆపేసి, "కంపోస్టా? ఏం కంపోస్టు బిడ్డా, అంతా ఖరాబైంది. గా ఎర్రది నొక్కు" అంది. రెండో ఇంట్లో పెద్దాయన కూడా అంతే. "ఒట్టిదే బిడ్డా. పని దండగ. ఎర్రది, ఎర్రది!" కుప్ప చూపించమంటే, "ఏముంది చూసెతందుకు, జర ఛాయ్ తాగి పో" అని నన్ను పెరటివైపు పోనివ్వకుండా భుజం పట్టి వాకిట్లోకి తిప్పేవాళ్ళు. ఫొటో అంటే చేతులు అడ్డం పెట్టేవాళ్ళు. పాపం, సిగ్గుపడుతున్నారు అనుకున్నాను. ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. ఎర్ర మొహం నొక్కేటప్పుడు వాళ్ళ మొహాలు కళకళలాడుతూ ఉండేవి. అంత సంతోషంగా తిట్టే మనుషుల్ని నేను అంతకుముందు చూడలేదు (మా అమ్మను మినహాయిస్తే). అప్పటికే పిల్లలు నాకు మొకాల మేడమ్ అని పేరు పెట్టి, స్కూటీ కనబడగానే కోరలు చూపించి పరుగెత్తేవాళ్ళు.

సాయంత్రం సూర్యాపేట చేరేసరికి పెంట సార్ టీకొట్టు దగ్గర నిలబడి ఉండేవారు. కొట్టు ముందు హైవే మీద లారీలు పోతూనే ఉండేవి. "ఇయ్యాల ఏ రంగు బిడ్డా?" నిడమనూరు వైపు తిరిగిన రోజుల్లో నేను ఆకుపచ్చ అంటే, ఆయన ఇంకో టీ చెప్పేవారు, సీసా బయటికి తీసి టీకొట్టు అతనికి కూడా వాసన చూపించేవారు. మఠంపల్లి వైపు రోజులు మొదలయ్యాక, "ఎరుపు సార్" అని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, "గాడనే నేను బాగ చెప్పిన అనుకున్న" అనేవారు. "నీళ్ళ సంగతి సరిగ చెప్పలేదేమొ. ఎక్కువ తడిపిన్రేమొ. తప్పు నాదే ఉంటది." కొన్నాళ్ళకు ఆయన జేబులోంచి సీసా తియ్యడమే మానేశారు. ఆయన కోసమైనా ఒక్క ఆకుపచ్చ మొహం దొరకాలని నేను మఠంపల్లి దారిలో దేవుడికి మొక్కుకునేదాన్ని. దేవుడు కూడా ఎరుపే నొక్కేవాడు.

చివరికి పెద్ద సార్ ఫోను చేశారు. మఠంపల్లి వైపు శిక్షణ ఆపేద్దామన్నారు. నిడమనూరు వైపు మాత్రం ఉంచుదామనీ, అక్కడికి హైదరాబాద్ నుంచి కుర్రవాళ్ళు వస్తారనీ, "ఆయనకూ వయసైంది కదమ్మా, విశ్రాంతి తీసుకుంటారు" అనీ అన్నారు. వచ్చే వారం తానే వచ్చి స్వయంగా చెబుతారట. అప్పటికి నాకు మిగిలింది ఒక్క తండా. ఆ తండాలో కూడా ఎర్ర మొహమే వస్తుందని నాకు తెలుసు. అయినా వెళ్ళాలి కాబట్టి బయలుదేరాను.

ఆ పొద్దున మంచు ఎంతగా పట్టిందంటే, స్కూటీ చక్రం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎక్కడో మేకల గంటలు వినబడుతున్నాయి. పత్తి చేల మధ్య దారి మెత్తగా సాగిపోతోంది. నేను పెంట సార్ గురించి ఆలోచిస్తూ, ఆయన లేని ఆఫీసు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, ఊహల్లోనే ఏడుస్తూ, తండా లోపలికి తిరిగే మలుపు దాటేశాను. దాటేశానని తెలిసేసరికి స్కూటీ ఒక బండ్లబాటలో ఉంది. ఆ బాట పట్టుకుని వెళితే తండా వెనకవైపు, చేల దిక్కు నుంచి చేరుకున్నాను. అన్ని ఊళ్ళలోనూ నన్ను ముందు గుమ్మంలోంచి పిలిచి, ముందు గుమ్మంలోంచే పంపించారు. వెనకనుంచి రావడం అదే మొదటిసారి.

మంచులో ఏదో పొగలాంటిది కనిపించింది. దగ్గరికి వెళితే అది పొగ కాదు, ఆవిరి. ఒకామె పారతో కుప్పను తిరగేస్తోంది. తిరగేసిన చోటల్లా వేడి వేడి ఆవిరి, అన్నం గిన్నె మూత తీసినట్టు, పైకి లేచి మంచులో కలిసిపోతోంది. పక్కనే అప్పటికే మాగిపోయిన ఇంకో కుప్ప ఉంది. నల్లగా, పొడిపొడిగా, గోనెసంచులు సగం కప్పి ఉంది. దాని మీంచి వచ్చే వాసన నాకు తెలుసు. పెంట సార్ సీసాలోది అదే వాసన, వాన పడ్డ మట్టి వాసన. ఆ ఆవిరిలో, ఆ మంచులో, ఎండు మిరపకాయలూ పాత చెప్పూ వేలాడదీసిన ఒక కర్ర, దాని మీద ఒక బోర్లించిన కుండ. కుండకు ఎర్రరంగు పూసి, ముడిచిన కనుబొమలు, బయటికొచ్చిన కోరలు గీశారు. నేను ఆ కుండనూ, నా చేతిలోని ఫోనునూ మార్చి మార్చి చూశాను. రెండూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"ఎవలు! ఎటునుంచి వచ్చినవ్! అటు తిరుగు, అటు తిరుగు!" అని ఆమె అరిచి, గబగబా గోనెసంచి లాగి కుప్ప మీద కప్పింది. ఆమె లంబాడీ పెద్దావిడ. తండాలో అందరూ ఆమెను యాడి అంటారు, అంటే వాళ్ళ భాషలో అమ్మ. నేను బుద్ధిగా అటు తిరిగి, వీపుతోనే నేనెవరో చెప్పుకున్నాను. "ఓ, మొకాల పిల్లవా!" అని యాడి కాస్త చల్లబడింది. తర్వాత చెయ్యి ఆ కుప్ప మీదే వేసి, గొంతు సవరించుకుని, ఏ మాత్రం తడబడకుండా, "ఏం కంపోస్టు బిడ్డా. అంతా ఖరాబైంది. ఎర్రది నొక్కు" అంది.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ, "యాడీ, నీ వెనకనే ఉంది కదా, నా కళ్ళతో చూశా" అన్నాను.

"సూసినవ్ గదా, ఇగ నోట్లకెళ్ళి అనకు," అంది యాడి గొంతు తగ్గించి. "నరుని కంటికి నల్లరాయి పగులుతదంటరు. పెంటెంత? పెంటల లచ్చిమి ఉంటది బిడ్డా. మంచిగ అయిందంటే నిలుస్తదా? నువ్వేమో అది పట్నం దాక పోతదని ఊరూర చెప్తివంట. అక్కడ ఎంతమంది సూస్తరో ఏమో! నవ్వే మొకం పెడితే నా కుప్ప ఉంటదా?" అని ఫోను తీసుకుని, ఎర్ర మొహాన్ని వేలితో గట్టిగా నొక్కి, దాన్ని మెచ్చుకోలుగా చూసింది. "నేను గీసిన కుండ కన్న నీ ఫోన్ల బొమ్మనే మంచిగున్నది. చూస్తెనే భయమైతుంది. ఈ చుట్టుపక్కల అందరం దీన్నే పెట్టినం గదా."

నేను చేను గట్టు మీద కూలబడి, పెంట సార్‌కి ఫోను చేశాను. యాడి చెప్పిందంతా చెప్పాను. అవతల లారీలు పోతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన మెల్లగా, "అంటే... ఎర్రయి అన్ని...?" అన్నారు. అవును సార్ అన్నాను. "అంటే మఠంపల్లి దిక్కు అందరు చేసిన్రు?" అవును సార్. ఆ తర్వాత ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. "మరి నిడమనూరు దిక్కు నవ్విన్రు గదా బిడ్డా, వాళ్ళు...?" కుప్ప చూపించలేదు సార్, పెరుగు వడ్డించారు అన్నాను. పెంట సార్ ఫోనులోనే పగలబడి నవ్వారు. నేను ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి.

పెద్ద సార్‌ని ఒప్పించడం అంత తేలిక కాలేదు. "అంటే ఎరుపును ఆకుపచ్చగా, ఆకుపచ్చను ఎరుపుగా చదవమంటావా అమ్మా?" అని ఆయన ఎంతో ఓపికగా అడిగారు. నేను కళ్ళారా చూడండి సార్ అన్నాను. ఆ మరుసటి వారం కారులో ఆయన్నీ, పెంట సార్‌నీ వెంటబెట్టుకుని తండాకు బయలుదేరాను. యాడి ముందే షరతు పెట్టింది. చూపిస్తుంది కానీ, చూసినవాళ్ళు మంచిగుందని అనకూడదు, ఛీ అనాలి. దారి పొడుగునా నేను పెద్ద సార్‌కి తర్ఫీదు ఇచ్చాను. ఆయన మర్యాదస్తుడు, ఎంత ప్రయత్నించినా ఆయన నోట్లోంచి "ఛీ అండీ" అనే వచ్చింది. "అండీ వద్దు సార్" అంటే, "పెద్దావిడ కదమ్మా" అన్నారు. పెంట సార్ మాత్రం కిటికీలోంచి చేల వంక చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు కూడా తెల్లచొక్కా, దానికి అన్ని రోజులకన్నా గట్టి ఇస్త్రీ.

యాడి గోనెసంచి తీసింది. నల్లటి ఎరువు మీద పొద్దుటి ఎండ పడింది. పెద్ద సార్ వంగి చూశారు, నోరు తెరిచారు, నేర్చుకున్నదంతా మర్చిపోయారు. "అబ్బ! ఎంత బాగుందమ్మా! ఇంత మంచి ఎరువు నేనెక్కడా చూడలేదు!"

చుట్టూ నిలబడిన ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. యాడి మొహం పాలిపోయింది. ఒకామె ఇంట్లోకి పరుగెత్తి గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చింది. యాడి వాటిని కుప్ప చుట్టూ తిప్పి, పనిలో పనిగా పెద్ద సార్ చుట్టూ కూడా తిప్పి, నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలుతుంటే ఘాటొస్తే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు లెక్క. గాలి అవతలికి వీస్తోంది, ఎవరికీ ఒక్క దగ్గు కూడా రాలేదు. "సూసిన్రా! ఎంత దిష్టి! పట్నపు కండ్లు!" అని అందరూ తలలూపారు. పెద్ద సార్ రెండు చేతులూ కట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా నిలబడి, "సారీ అమ్మా, నోరు జారింది" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకున్నారు.

గొడవ సద్దుమణిగాక యాడి పెంట సార్ వైపు తిరిగింది. "సార్, నువ్వేమంటవ్?" అంది.

పెంట సార్ చెప్పులు విడిచి, కుప్ప ముందు గొంతుక్కూర్చున్నారు. ఒక గుప్పెడు తీసి, పిడికిలి బిగించి, తెరిచి చూశారు. నీళ్ళు కారలేదు, గడ్డ కట్టలేదు, వేళ్ళ మధ్యనుంచి మెల్లగా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మేకల గంటలు మెల్లగా దూరం వెళ్ళిపోయాయి. కళ్ళు తెరిచేసరికి అవి నిండిపోయి ఉన్నాయి (తర్వాత కారులో మిరపకాయల పొగ అన్నారు. ఆ పొగ ఆయన వైపు రానేలేదు). గుప్పెట్లో మిగిలింది కుప్ప మీదే వేసి అన్నారు. "ఛీ... ఏం చేసినవమ్మా ఇది. దేనికీ పనికి రాదు. నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది!"

యాడి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని, "నువ్వు చెప్పింది ఒక్క ముక్క తలకెక్కలె సార్. ఒట్టి పనికిమాలిన పాఠం" అంది. నేను ఇప్పటిదాకా ఎన్నో సన్మాన సభలు చూశాను, శాలువాలు కప్పడం చూశాను. అంత గొప్ప సన్మానం ఎక్కడా చూడలేదు. పెంట సార్ జేబులోంచి సీసా తీసి, అందులో ఉన్న పాత ఎరువు అక్కడే చేలో పారబోసి, యాడి కుప్పలోంచి నింపుకుని మూత పెట్టుకున్నారు.

మఠంపల్లి వైపు శిక్షణ ఆగలేదు. పెంట సార్ ఇంకా కొన్నేళ్ళు నేర్పించి, కాళ్ళు మొరాయించాక తనంతట తానే మానేశారు. నిడమనూరు వైపు మళ్ళీ మొదటినుంచి చెప్పారు, ఈసారి కుప్ప చూపించాకే భోజనం అన్న నిబంధన మీద. పటేల్ బాపు ఆ నిబంధనకు నొచ్చుకున్నా, పట్టుదలకు పోయి అందరికంటే పెద్ద కుప్ప పెట్టాడు. నేను అడగడానికి వెళితే మొహం ముడిచి, "ఒట్టిదే బిడ్డా, ఎర్రది నొక్కు" అన్నాడు. నాకు చెప్పలేనంత ఆనందమేసింది.

పెద్ద సార్‌కి తండా చూపించిన ఆ సాయంత్రం, ఆఫీసు దగ్గర కారు దిగి, కోదాడ చేరుకుని స్కూటీ దిగుతుంటే, మా అమ్మ గోడ మీదుగా పక్కింటావిడతో మాట్లాడుతోంది. "ఏం చెప్పమంటారండీ, మా దానికి దారి కూడా సరిగ్గా తెలియదు. పొద్దున పోతే ఇప్పుడా రావడం. ఒట్టి పరాకు." నేను రోజూలాగే మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళబోతూ, గుమ్మంలో ఆగిపోయాను. వెనక్కి తిరిగి అమ్మ మొహం చూశాను. నన్ను తిడుతున్న ఆ మొహం కళకళలాడిపోతోంది. ఇన్నేళ్ళుగా ఆమె నా నెత్తి మీద ఎర్ర కుండ బోర్లించి, కోరలు గీసి, వీధిలోవాళ్ళ కళ్ళు పడకుండా కాపలా కాస్తోందని అప్పుడు తెలిసింది. ఫస్టు క్లాసు మాట ఎందుకు ఎత్తలేదో కూడా తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి, ఆమె చేసిన పప్పు తిని, "ఛీ, ఏం బాలేదమ్మా" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, నోరు పారేసుకుని, ఇంకో గరిటె వడ్డించింది.

ఇప్పుడు మేం మిర్యాలగూడలో ఉంటున్నాం. పొద్దున్నే రైసు మిల్లుల నుంచి ఉడికిన ధాన్యం వాసన ఆవిరిలా వచ్చి మా డాబా మీద కూర్చుంటుంది. ఆ వాసనలో నిలబడి నేను ఇప్పటికీ కలలు కంటాను, పాలు పొంగిపోతాయి. డాబా మీద ఒక డ్రమ్ములో కూరగాయల తొక్కలతో ఎరువు చేస్తాను, ఎవరైనా అడిగితే ఖరాబైందని చెబుతాను. మా అమ్మాయికి నా పోలికే వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుంటే పిలిచినా పలకదు, కాగితాల మీద మబ్బుల బొమ్మలు వేస్తూ ఉంటుంది. మొన్న పక్కింటావిడ పంచదార కోసం వచ్చి, ఆ బొమ్మలు చూసి, "అబ్బ, మీ పాప ఎంత బాగా వేస్తుందండీ!" అంది. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి మా అమ్మ గొంతు వచ్చింది. "ఆ, ఏం బొమ్మలు లెండి. పలకదు, ఉలకదు. ఒట్టి పరాకు."

పిల్ల తలెత్తి నా వంక గుర్రుగా చూసింది. ఆ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కోదాడ ఇంట్లో నిలబడిన ఆ అమ్మాయే నన్ను చూస్తున్నట్టు అనిపించి, నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. దగ్గరికి తీసుకుని, ఎర్ర మొహం కథంతా అప్పటికప్పుడే చెప్పేద్దామనుకున్నాను. కానీ పక్కింటావిడ ఇంకా గుమ్మంలోనే ఉంది.